అప్‌డేట్: లేడీ బి గుడ్ సిబ్బంది ఏమయ్యారు?

లిబియా ఎడారిలో దొరికిన ‘లేడీ బి గుడ్’ అనే అమెరికన్ బాంబర్‌లో ఒక్క మనిషీ లేడు కదా, ఆ తొమ్మిది మంది ఏమైపోయారని ఇంతకుముందు అడిగాను. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్. ఆ తర్వాత చదివి తెలుసుకున్నది ఇది.

1943 ఏప్రిల్ 4న ఈ బి-24 విమానం బెంఘాజీ దగ్గరి సులూక్ నుంచి ఇటలీలోని నేపుల్స్ మీద దాడికి వెళ్లింది. తిరిగొస్తూ రాత్రి చీకట్లో తమ స్థావరాన్ని దాటేసి, దక్షిణంగా ఎడారిలోకి వెళ్లిపోయింది. ఇంధనం అయిపోతుంటే అందరూ పారాషూట్లతో దూకారు. ఒకరి పారాషూట్ సరిగా తెరుచుకోలేదు. మిగతా ఎనిమిది మంది ఒకచోట కలుసుకుని వాయవ్యంగా నడక మొదలుపెట్టారు.

నన్ను కదిలించింది కో-పైలట్ రాబర్ట్ టోనర్ డైరీ. వాళ్ల దగ్గరున్నవి క్యాంటీన్‌లో, అంటే సైనికుల నీళ్ల సీసాలో, సగం నీళ్లు. మనిషికి రోజుకు ఒక్క మూతెడు! అలా 120 కిలోమీటర్లకు పైగా నడిచారు. అక్కడ ఐదుగురు ఆగిపోతే, ముగ్గురు సాయం కోసం ఇంకా ముందుకెళ్లారు. డైరీలో చివరి తేదీ ఏప్రిల్ 12.

విమానమేమో ఖాళీగానే ఇంకాస్త దక్షిణంగా ఎగిరి ఇసుకలో దిగింది. తర్వాత చూస్తే అందులో నీళ్లున్నాయి, రేడియో పనిచేస్తోంది. అది అంత దగ్గర్లో పడిందని వాళ్లకు తెలిసే దారే లేదు. అందుకే విమానం వైపు వెళ్లకుండా వాయవ్యంగా నడవడం వాళ్ల తప్పుడు నిర్ణయమనడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

1960లో ఎనిమిది మంది అవశేషాలు దొరికాయి. గన్నర్ వెర్నన్ మూర్ ఆచూకీ మాత్రం అధికారికంగా తేలలేదు.