హషిమోటో: చూర్ణం మొదలుపెట్టాక టీఎస్‌హెచ్ 6.9 నుంచి 1.8కి దిగింది, టాబ్లెట్ తగ్గించొచ్చా?

రేవుగట్టు:
మా అక్క గురించి అడుగుతున్నాను. వయసు 36, బరువు 58 కిలోలు. హషిమోటో (సొంత యాంటీబాడీలే థైరాయిడ్‌ను దెబ్బతీసే జబ్బు) అని తేలి రెండేళ్లయింది. ఆ యాంటీబాడీల లెక్క, యాంటీ టీపీఓ 640. లెవోథైరాక్సిన్ (టీ4 అనే థైరాయిడ్ హార్మోన్ టాబ్లెట్) 50 మైక్రోగ్రాములు వాడుతోంది. మొన్నటి టెస్టులో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ హార్మోన్ చాలకపోతే పెరిగే అంకె) 6.9 వచ్చింది. డోసు పెంచుకోవడం ఇష్టంలేక ఆయుర్వేద వైద్యుడి దగ్గరికి వెళ్తే కాంచనార గుగ్గులు రోజుకు 4 మాత్రలు, రాత్రి పాలతో అశ్వగంధ చూర్ణం ఒక చెంచా ఇచ్చారు. 5 వారాలకు మళ్లీ చూపిస్తే టీఎస్‌హెచ్ 1.8, ఫ్రీ టీ4 1.9 (ల్యాబ్ ఇచ్చిన పరిమితి 0.9 నుంచి 1.7). కానీ నీరసం, మలబద్ధకం, జుట్టు ఊడటం అలాగే ఉన్నాయి.

మిగతావి: లేవగానే టాబ్లెట్, పది నిమిషాలకు ధనియాలు, మెంతులు నానబెట్టిన నీళ్లు, ఆ వెంటనే కాఫీ. టిఫిన్ అవగానే కాల్షియం బిళ్ల. చూర్ణంతో పాటే జుట్టు కోసం బయోటిన్ (ఒక బీ విటమిన్) కూడా మొదలుపెట్టింది.

టాబ్లెట్ 25కి దించొచ్చా? సెలీనియం వాడటం, గోధుమ మానెయ్యడం, మామూలు ఉప్పు బదులు సైంధవ లవణం వాడటం, వీటిలో నిజంగా పనికొచ్చేది ఏది?

ల్యాబ్‌బెంచి:
దించకండి. ముందు ఆ రిపోర్టు నమ్మదగ్గదా కాదా తేలాలి. మీరు ఆఖర్న రాసిన బయోటిన్ మీదే నాకు అనుమానం.

చాలా మెషీన్లలో టీఎస్‌హెచ్‌ని పట్టుకునే యాంటీబాడీని బయోటిన్, దాన్ని గట్టిగా పట్టుకునే స్ట్రెప్టావిడిన్ అనే ప్రొటీన్ జంటతో అతికిస్తారు. రక్తంలో బయోటిన్ ఎక్కువుంటే ఆ అతుకు చోట్లన్నీ అదే ఆక్రమిస్తుంది. అసలు టీఎస్‌హెచ్ పట్టుబడదు, అంకె తక్కువ వస్తుంది. ఫ్రీ టీ4 టెస్టు పద్ధతి దీనికి తిరగబడి ఉంటుంది కాబట్టి అక్కడ అంకె ఎక్కువ వస్తుంది. అంటే ఒంట్లో హార్మోన్ చాలకపోయినా కాగితం మీద సరిపోయినట్టు, ఒక్కోసారి ఎక్కువైనట్టు కూడా కనిపిస్తుంది. టీఎస్‌హెచ్ దిగింది, టీ4 గీత దాటింది, హార్మోన్ చాలనప్పుడు వచ్చే మలబద్ధకం మాత్రం పోలేదు: ఈ మూడూ ఒకచోట పొసగవు. గ్రేవ్స్ జబ్బు (థైరాయిడ్ హార్మోన్ మితిమీరేది) కోసం చేసే టీఆర్ఏబీ అనే యాంటీబాడీ టెస్టు కూడా ఇలాగే తప్పుగా పాజిటివ్ రావచ్చు.

రోజుకు మనిషికి కావలసిన బయోటిన్ 30 మైక్రోగ్రాములు. జుట్టు టాబ్లెట్లలో 5 నుంచి 10 మిల్లీగ్రాములు ఉంటుంది, అంటే మూడొందల రెట్ల దాకా. స్ట్రిప్ వెనక చూడండి. మామూలు బీ కాంప్లెక్స్‌లో ఉండే 100 మైక్రోగ్రాములతో ఈ తంటా రాదు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే దీని మీద హెచ్చరిక ఇచ్చింది, అయినా రక్తం తీసే కౌంటర్ దగ్గర ఈ ప్రశ్న అడిగేవాళ్లు తక్కువ.

బయోటిన్ ఆపి కనీసం రెండు రోజులు, 10 మిల్లీగ్రాములైతే మూడు నాలుగు రోజులు ఆగి మళ్లీ ఇవ్వండి. కిడ్నీ జబ్బుంటే ఇంకా ఎక్కువ ఆగాలి. అదే ల్యాబ్, అదే వేళ. టీఎస్‌హెచ్ రాత్రి, తెల్లవారుజామున ఎక్కువగా, మధ్యాహ్నానికి తక్కువగా ఉంటుంది. పొద్దున ఇచ్చిన రక్తాన్ని సాయంత్రం ఇచ్చినదానితో పోల్చి మందు పనిచేసిందనుకోకూడదు.

మందులకొట్టు:
పై మాటకు తోడు, మొదట వచ్చిన ఆ 6.9కి కారణం కూడా మీరు రాసిన దినచర్యలోనే ఉండొచ్చు. టాబ్లెట్ వేసుకున్న పది నిమిషాలకే మెంతుల నీళ్లంటే జిగురూ పీచూ రెండూ దాని మీద పడ్డట్టే. కాఫీ కూడా టాబ్లెట్‌ను పేగులో సరిగా ఇంకనివ్వదు. టిఫిన్ తర్వాత కాల్షియం ఇంకా చెడ్డది: లెవోథైరాక్సిన్‌ను పట్టేసి బయటికి లాక్కుపోతుంది. ఐరన్, గ్యాస్ బిళ్లలు, ఇసబ్‌గోల్ అన్నీ ఆ జాబితాలోవే.

ఇలా మార్చండి. టాబ్లెట్ ఒక గ్లాసు మంచినీళ్లతో, పరగడుపున. గంట దాకా ఇంకేమీ వద్దు, కాఫీ కూడా. ధనియాల నీళ్లు కావాలంటే ఆ తర్వాత. కాల్షియం, ఐరన్ నాలుగు గంటల తర్వాతే. కాల్షియం మధ్యాహ్నం భోజనంతో, ఐరన్ సాయంత్రం అనుకుంటే ఒకదానికొకటి కూడా అడ్డు రావు. పొద్దున గంట ఆగడం కుదరని ఇళ్లలో రాత్రి భోజనమైన మూడు గంటలకు, పడుకునే ముందు వేసుకోవచ్చు. కానీ మీ అక్క రాత్రి పాలు, చూర్ణం తీసుకుంటోంది కాబట్టి ఆ దారి ఆమెకు కుదరదు.

థైరాయిడ్ పూర్తిగా పనిచేయనప్పుడు లెక్క కిలోకి 1.6 మైక్రోగ్రాములు. 58 కిలోలకు సుమారు 93. ఆమె గ్రంథి ఇంకా కొంత పనిచేస్తూ ఉండొచ్చు కాబట్టి 50 తక్కువే అని ఇప్పుడే అనలేం. వేళలు సరిచేసి 6 నుంచి 8 వారాలు చూస్తే డోసు పెంచాల్సిన అవసరమే రాకపోవచ్చు.

టాబ్లెట్ తగ్గించడంలో ఉన్న మోసం ఏంటంటే, లెవోథైరాక్సిన్ రక్తంలో సగానికి తగ్గడానికే వారం పడుతుంది. ఆపేసినా రెండు మూడు వారాలు మనిషి బాగానే తిరుగుతుంది. ఆ రోజుల్లో ఏ కషాయం తాగితే దానికే పేరొస్తుంది. 'ఇంగ్లీషు మందు మానేశాను, ఏమీ కాలేదు' అనే మాటలన్నీ ఈ మూడు వారాల్లో పుట్టినవే. హోమియో గుళికల విషయంలోనూ అంతే: 30సీ పొటెన్సీలో, అంటే అంతగా పలచన చేశాక, మందు మిగలదు, గుళికల వల్ల హాని లేదు, వాటిని నమ్మి టాబ్లెట్ ఆపడమే హాని.

సీసాలో వచ్చే టాబ్లెట్లను స్టీలు డబ్బాలోకి ఒంపి పొయ్యి గట్టు మీద పెట్టకండి. తేమకీ వేడికీ పాడవుతాయి. థైరోనార్మ్, ఎల్ట్రాక్సిన్, థైరాక్స్ ఏదైనా ఒకటే వాడండి. కంపెనీ మారిస్తే 6 వారాలకు టెస్టు చేయించాలి.

దేవకాంచనం:
ఆయుర్వేదం వైపు నుంచి. కాంచనార గుగ్గులులో దేవకాంచనం బెరడు, త్రిఫల, త్రికటు, ఉలిమిరి, ఏలకులు, దాల్చినచెక్క, ఆకుపత్రి, వాటిని కట్టిపట్టే గుగ్గులు ఉంటాయి. శాస్త్రంలో ఇది గండమాల, గ్రంథి లాంటి గడ్డలకు, వాపులకు చెప్పిన మందు. మెడ వాపు వేరు, హార్మోన్ చాలకపోవడం వేరు. గలగండం (మెడ వాపు) అంటే హైపోథైరాయిడ్ (హార్మోన్ చాలకపోవడం) అని ఒకదానికొకటి సరిపెట్టడం ఈ కాలపు అనువాదం, నాకు అది ఎప్పుడూ ఒప్పుకోబుద్ధి కాదు. హషిమోటోలో టీ4 బదులు ఇది పనిచేస్తుందని చూపిన గట్టి పరీక్షా లేదు. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు గుగ్గులు మానాలి.

అశ్వగంధ కథ వేరు. దానికి నిజంగానే థైరాయిడ్ మీద ప్రభావం ఉన్నట్టుంది. 2018లో వెలువడిన ఒక భారతీయ పరీక్షలో టీఎస్‌హెచ్ కాస్త పెరిగిన 50 మందిలో సగం మందికి రోజుకు 600 మిల్లీగ్రాముల వేరు సారం 8 వారాలు ఇస్తే టీఎస్‌హెచ్ తగ్గింది, టీ4 పెరిగింది. పరీక్ష చాలా చిన్నది. పైగా టాబ్లెట్‌కి తోడుగా చూర్ణం వేస్తే ఏమవుతుందో అది చెప్పదు. 600 మిల్లీగ్రాముల సారం, చెంచాడు చూర్ణం రెండూ ఒకటి కావు, కొలత ఎటైనా తప్పొచ్చు. అశ్వగంధతో హార్మోన్ మితిమీరిన కేసులు నమోదయ్యాయి. కాబట్టి ఆ 1.8లో కొంత నిజం కూడా ఉండొచ్చు. గుండె దడ, చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం కనిపిస్తే ఆపి టెస్టు చేయించండి. కాలేయం దెబ్బతిన్న కేసులూ ఉన్నాయి: మూత్రం ముదురు పసుపు, ఒళ్లు దురద, కళ్లు పచ్చబడటం అంటే వెంటనే మానెయ్యాలి. గర్భిణులకూ, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవాళ్లకూ అసలే వద్దు.

నా సలహా అయితే రెండూ ఆపి, టాబ్లెట్ ఒక్కటే పెట్టి, నిజమైన అంకె తెలుసుకోవడం. ఆ తర్వాత కావాలంటే ఒక్కొక్కటే, ఎనిమిది వారాలకు ఒకటి. మూడు ఒకేసారి మొదలుపెడితే దేనికి మెచ్చుకోవాలో దేన్ని తిట్టాలో తెలియదు.

పేరు లేని పొట్లాలు కొనకండి. లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, తేదీ ఉండాలి. భస్మం, సింధూరం, రసం (లోహాలు, పాదరసంతో చేసేవి) కలిసిందేమో అడగండి. 2004లో అచ్చయిన ఒక పరిశీలనలో బోస్టన్ దుకాణాల్లో కొన్న 70 దక్షిణాసియా మూలికా మందుల్లో 14లో సీసమో, పాదరసమో, ఆర్సెనిక్కో దొరికాయి.

ఎడిసన్_పులిహోర:
సెలీనియం: రోజుకు 200 మైక్రోగ్రాములు కొన్ని నెలలు వాడితే టీపీఓ యాంటీబాడీ తగ్గుతుందని చాలా పరీక్షల్లో కనిపించింది. దానివల్ల నీరసం తగ్గిందనిగానీ టాబ్లెట్ అవసరం తగ్గిందనిగానీ నమ్మదగ్గట్టు తేలలేదు. 640 కాస్తా 400 అయితే కాగితానికి సంతోషం, అంతే. మితిమీరితే జుట్టు ఊడుతుంది, గోళ్లు పెళుసవుతాయి, ఊపిరి వెల్లుల్లి వాసన వేస్తుంది. జుట్టు కోసం మొదలుపెట్టి జుట్టు పోగొట్టుకోవడం! మల్టీవిటమిన్‌లో ఉన్న సెలీనియం కూడా కలుపుకుని లెక్కేయాలి. బ్రెజిల్ నట్స్ అయితే ఒక్కో గింజలో ఒక్కో మోతాదు, రోజుకు ఒకటి దాటొద్దు.

గోధుమ: హషిమోటో ఉన్నవాళ్లలో సీలియాక్ జబ్బు (గోధుమలోని గ్లూటెన్ పడక పేగు దెబ్బతినేది) మామూలు కంటే ఎక్కువ, అది ఉంటే టాబ్లెట్ కూడా సరిగా ఇంకదు. అందుకే ముందు దాన్ని పట్టే రక్త పరీక్షలు: టీటీజీ ఐజీఏ, మొత్తం ఐజీఏ. గోధుమ మానేశాక చేయిస్తే తప్పుగా నెగెటివ్ వస్తుంది. టెస్టు నెగెటివ్ అయితే రాత్రి రెండు చపాతీలు మానడం వల్ల థైరాయిడ్‌కి ఒరిగేది పెద్దగా లేదు. పాజిటివ్ అయితే చపాతీ, ఉప్మా రవ్వ, సేమ్యాలతో ఆగదు: డబ్బా ఇంగువలో కూడా గోధుమ పిండి కలుస్తుంది, లేబుల్ చూడాలి.

ఉప్పు: సైంధవ లవణంలో అయోడిన్ కలపరు. రోజుకు కావలసింది 150 మైక్రోగ్రాములు, గర్భిణికి 250. మామూలు అయోడిన్ ఉప్పు మానొద్దు, అదనపు అయోడిన్ జోలికీ పోవద్దు. సముద్రపు నాచు క్యాప్సూళ్లు, లూగాల్స్ (అయోడిన్ ద్రావణం) చుక్కలు హషిమోటోలో గ్రంథిని ఇంకా మందగింపజేస్తాయి. ఇక్కడ అమెరికా నుంచి చుట్టాలకు పంపే 'థైరాయిడ్ సపోర్ట్' డబ్బాల్లో అది మామూలు సరుకు. 2013లో అలాంటివి 10 రకాలు పరీక్షిస్తే 9లో టీ3 (టీ4 కంటే చురుకైన థైరాయిడ్ హార్మోన్) దొరికింది. ఎండబెట్టిన పంది థైరాయిడ్ మాత్రలు 'సహజం' అని తెప్పించుకుంటారు. ఒక గ్రెయిన్‌లో (ఆ మాత్రల కొలత) టీ4 38, టీ3 9 మైక్రోగ్రాములు. మనిషి గ్రంథి ఇచ్చే నిష్పత్తి కంటే టీ3 చాలా ఎక్కువ, అందుకే వేసుకున్న కొన్ని గంటలకు దడ.

క్యాబేజీ, ముల్లంగి వండుకుని తినొచ్చు. సజ్జలు మాత్రం రోజూ రెండు పూటలా మొత్తం భోజనంగా వద్దు, అందులోని గాయిట్రోజన్లు (థైరాయిడ్ పనికి అడ్డుపడే పదార్థాలు) ఉడికినా పూర్తిగా పోవు. జొన్న, రాగి మార్చి మార్చి తినండి.

ఆ నీరసానికి, జుట్టుకి ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), బీ12, విటమిన్ డీ ఒకసారి చూడండి. హషిమోటోతో పాటు పొట్ట లోపలి పొర మీద కూడా యాంటీబాడీలు పనిచేసే జబ్బు కొందరిలో ఉంటుంది, అప్పుడు ఐరన్, బీ12 రెండూ పడిపోతాయి. యోగా అలసటకీ నిద్రకీ మంచిదే. సర్వాంగాసనం గ్రంథిని నొక్కి పని చేయిస్తుందన్నది మాత్రం నమ్మకం. మెడ అరుగుదల, బీపీ, గ్లకోమా ఉంటే అది వద్దు.

రేవుగట్టు:
స్ట్రిప్ చూశానండీ, బయోటిన్ 10 మిల్లీగ్రాములే. ఇవాళ్టి నుంచి ఆపించాను. చూర్ణం, గుగ్గులు కూడా ఆపుతామంది, ఆ వైద్యుడికీ చెబుతుందట. టెస్టు రోజు టాబ్లెట్ వేసుకుని వెళ్లాలా, వేసుకోకుండానా? ఇంకొకటి, వచ్చే ఏడాది రెండో బిడ్డ అనుకుంటున్నారు.

ల్యాబ్‌బెంచి:
టాబ్లెట్ వెంట తీసుకెళ్లి రక్తం ఇచ్చాక వేసుకోమనండి. ముందే వేసుకుంటే కొన్ని గంటలు ఫ్రీ టీ4 పైకి చూపిస్తుంది. నాలుగో రోజు పొద్దున ఎనిమిదింటికి వెళ్లండి. ఈసారి వచ్చే అంకె బయోటిన్ గోల లేనిది. అయితే చూర్ణం ప్రభావం పోయి, వేళలు సరిచేసిన ఫలితం కనబడాలంటే మళ్లీ 8 వారాలకు ఇంకోటి తప్పదు.

మందులకొట్టు:
గర్భం సంగతి ఎండోక్రైనాలజిస్టుకి (హార్మోన్ల డాక్టరుకి) ఇప్పుడే చెప్పండి. టాబ్లెట్ మీద ఉన్నవాళ్లకు గర్భానికి ముందే టీఎస్‌హెచ్ 2.5 లోపు ఉండేలా చూస్తారు. నెల తప్పిన వెంటనే డోసు 25 నుంచి 30 శాతం పెంచాల్సి వస్తుంది: సాధారణంగా వారానికి ఏడు బదులు తొమ్మిది టాబ్లెట్లు. ఆ రెండు అదనపు టాబ్లెట్లు ఏయే రోజుల్లో వేసుకోవాలో ముందే చీటీ మీద రాయించుకోండి, ఆ వారంలో అపాయింట్‌మెంట్ దొరక్కపోయినా ఆగక్కర్లేదు.