అప్‌డేట్: విండోస్, లినక్స్ సెట్టింగులు ఎట్టకేలకు విడదీశాను

పోయిన వారం అడిగాను కదా, మా సీ ప్లస్ ప్లస్ లైబ్రరీకి ఉన్న ఒక్క సీమేక్ (కోడ్‌ని ఎలా బిల్డ్ చేయాలో చెప్పే టూల్) ఫైల్ నిండా విండోస్‌కో ఇఫ్, లినక్స్‌కో ఇఫ్, ఒకటి ముట్టుకుంటే ఇంకోటి విరుగుతోంది, ఏం చేయాలని. మీరు చెప్పినట్టే ఓఎస్‌కో చిన్న ఫైల్ పెట్టి, మెయిన్ ఫైల్ నుంచి ఇన్‌క్లూడ్ చేశాను. విండోస్ దాంట్లో విన్‌సాక్ (నెట్‌వర్క్ లైబ్రరీ) లింకు, లినక్స్ దాంట్లో డీఎల్ (ప్రోగ్రామ్ నడుస్తుండగా లైబ్రరీలు లోడ్ చేసేది) లింకు, అంతే. ఎఫ్‌పిక్ ఫ్లాగ్‌ని (కోడ్ మెమరీలో ఎక్కడ లోడైనా నడిచేలా చేసే కంపైలర్ ఆప్షన్) కూడా లినక్స్ ఫైల్లో పడేయబోయాను గానీ, అది సీమేక్‌లో పొజిషన్ ఇండిపెండెంట్ కోడ్ అనే ప్రాపర్టీగానే ఉందట, ఉమ్మడి ఫైల్లో ఒక్క లైనుతో పోయింది.

రెండు రోజులు తినేసింది మాత్రం నోమిన్‌మాక్స్. విండోస్ హెడర్ మిన్, మాక్స్‌లని మాక్రోలు చేసేస్తుంది కాబట్టి దాన్ని ఆపే ఆ డెఫినిషన్ పెట్టాను, కానీ ప్రైవేట్‌గా, అంటే మా బిల్డ్‌కి మాత్రమే వర్తించేలా. మా బిల్డ్ పచ్చగా ఉంది, మా లైబ్రరీ వాడేవాళ్ల కోడ్‌లో ఎస్‌టీడీ మిన్ (సీ ప్లస్ ప్లస్‌లో చిన్న విలువ ఇచ్చే ఫంక్షన్) దగ్గర వింత ఎర్రర్! మా పబ్లిక్ హెడరే విండోస్ హెడర్‌ని లాక్కొస్తోంది మరి. డెఫినిషన్‌ని పబ్లిక్‌గా, అంటే వాడేవాళ్లకీ వర్తించేలా మార్చాక ఎర్రర్ పోయింది. విండోస్ హెడర్‌ని పబ్లిక్ హెడర్‌లోంచి తీసి సోర్సు ఫైల్లోకి తోసేయడమే అసలు మందు, అది వచ్చే రిలీజ్‌లో చేస్తాను. మ్యాక్ ఇంకా ముట్టుకోలేదు.