‘డెడ్ మనీ’ని తెలుగులో ఏమనాలి?

ఫ్రిస్కో (టెక్సస్) నుంచి:

పెద్దలకు నమస్కారం. ఒక మాట కోసం వచ్చాను. మా నాన్నగారు తెనాలి దగ్గర సహకార సంఘంలో ముప్పై ఏళ్ళు లెక్కలు రాసి రిటైరయ్యారు, ఇప్పుడు మా దగ్గరే ఉన్నారు. మా ఊళ్ళోనే డల్లాస్ కౌబాయ్స్ జట్టు ప్రధాన కార్యాలయం. మా అబ్బాయికి అమెరికన్ ఫుట్‌బాల్ ఆట కంటే ఆ జట్ల లెక్కలంటే పిచ్చి. మొన్న భోజనాల దగ్గర తాతయ్యకు రస్సెల్ విల్సన్ అనే ఆటగాడి కథ మొదలుపెట్టాడు. 2022 సెప్టెంబరులో డెన్వర్ బ్రాంకోస్ జట్టు అతనికి ఐదేళ్ళ పొడిగింపు ఇచ్చింది. విలువ 24.5 కోట్ల డాలర్లు. పాత ఒప్పందంలో ఇంకా రెండేళ్ళున్నాయి కాబట్టి పొడిగింపు 2024లో మొదలు కావాలి. ఆ మార్చిలోనే అతన్ని వదిలేశారు. పొడిగించిన ఏళ్ళలో డెన్వర్‌కు ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. అయినా జట్టు లెక్కలో 8.5 కోట్ల డాలర్ల ‘డెడ్ మనీ’ మిగిలింది. వెళ్ళిపోయిన ఆటగాడి పేరున జట్టు ఇంకా లెక్కలో రాసుకోవలసిన డబ్బును అలా అంటారట.

“ఆ డబ్బు అతనికి రాలేదా?” అన్నారు నాన్న.

“వచ్చింది తాతయ్యా. కొంత ముందే వచ్చింది, మిగతాది తర్వాత వచ్చింది.”

“మరి చచ్చిందేమిటి?”

అక్కడ వాడి తెలుగు ఆగిపోయింది. నిజం చెప్పాలంటే నాది కూడా. దీనికి మంచి మాట ఉందా?

వరంగల్ నుంచి:

‘మురిగిపోయిన సొమ్ము’ అంటే సరిపోదా అమ్మా? సెలవులు మురిగిపోయాయంటాం, రైలు టికెట్టు మురిగిపోయిందంటాం. జట్టుకు ఇక అక్కరకు రాని డబ్బు కదా.

ఇక ‘సాలరీ క్యాప్’కు, అంటే ఒక జట్టు ఏడాదికి ఆటగాళ్ళ జీతాల కింద ఇంతకు మించి లెక్క రాయకూడదన్న హద్దుకు, మన పత్రికలు ఐపీఎల్ వేలంలో వాడే ‘పర్సు’ ఉండనే ఉంది.

విజయవాడ నుంచి:

మాస్టారూ, రెండూ అతకవు. వాడుకోకుండా గడువు దాటిపోయినది మురిగిపోతుంది. ఇక్కడ జట్టు వాడేసింది. వాడేసిన దాన్ని ఖర్చు రాయడం మిగిలింది, అంతే.

పర్సు మాటా అంతే. పర్సులోంచి తీసినకొద్దీ అది ఖాళీ అవుతుంది. ఈ అమెరికన్ ఫుట్‌బాల్ లీగు, ఎన్‌ఎఫ్‌ఎల్, పెట్టిన క్యాప్ అలా కాదు. జేబులోంచి డబ్బు వెళ్ళే రోజు వేరు, లెక్కలో పడే రోజు వేరు. నేను బ్యాంకులో చేశాను కాబట్టి నాకు ఇదే ముఖ్యంగా కనిపిస్తుంది. తెలుగులో దీనికి రెండు మాటలు ఎప్పటినుంచో ఉన్నాయి: రొక్కం, పద్దు. విల్సన్ సంగతి అంకెల్లో చూడండి. సంతకం చేసినందుకు 5 కోట్ల డాలర్ల బోనస్. రొక్కం ఇచ్చేశారు. పద్దు మాత్రం ఐదేళ్ళకు పరిచారు, ఏడాదికి కోటి చొప్పున. 2023లో ఇంకో 2 కోట్ల బోనస్. అదీ ఐదేళ్ళకు పరిస్తే ఏడాదికి 40 లక్షలు. అతను వెళ్ళేసరికి మొదటిదాంట్లో రెండేళ్ళు రాశారు, 3 కోట్లు మిగిలాయి. రెండోదాంట్లో ఒక్క ఏడాదే రాశారు, కోటీ 60 లక్షలు మిగిలాయి. వీటికి 2024కు హామీ ఇచ్చిన జీతం 3.9 కోట్లు కలపండి. మొత్తం 8.5 కోట్లు. ఇందులో అతన్ని వదిలేసిన రోజుకు ఆ జీతం ఒక్కటే ఇంకా ఇవ్వవలసిన రొక్కం. మిగిలిన 4.6 కోట్లు అచ్చంగా పద్దు.

మామూలుగా ఆటగాడు వెళ్ళిన రోజునే మిగిలిన పద్దంతా ఒక్కసారి మీద పడుతుంది. జూన్ 1 తర్వాత వదిలినట్టు చూపించుకునే వీలు ఒకటుంది. అప్పుడు ఆ ఏటి వంతు ఆ ఏడు, మిగతాది మరుసటి ఏడు. డెన్వర్ అదే చేసింది: 2024లో 5.3 కోట్లు, 2025లో 3.2 కోట్లు. పైన చెప్పిన ముక్కల్ని పేర్చి చూడండి, సరిగ్గా అంతే వస్తుంది. లెక్క కుదిరితే నాకు ఇప్పటికీ సంతోషమే.

హైదరాబాదు నుంచి:

‘మృతధనం’ అనవచ్చు కదా?

విజయవాడ నుంచి:

అనవచ్చు బాబూ. ఏటా తద్దినం కూడా పెట్టవచ్చు.

కాకినాడ నుంచి:

పిల్లవాణ్ణి భయపెట్టకండి అన్నయ్యగారూ. ‘మొండి బకాయి’ అని ఎవరైనా అంటారేమోనని ఎదురుచూస్తున్నాను, ముందే చెబుతున్నాను, అదీ కుదరదు. మొండి బకాయిలో ఒకడు బాకీ ఉండాలి. ఇక్కడ విల్సన్ ఎవరికీ బాకీ లేడు. జట్టు కూడా చాలావరకు అతనికి బాకీ లేదు.

నాకు ‘క్యాప్’కు ఒక మాట తోస్తోంది: సీలింగు. మా చిన్నప్పుడు ఊళ్ళో ఎవరి నోట విన్నా ఇదే. 1973 భూసంస్కరణల చట్టం వచ్చాక ‘సీలింగు భూములు’, ‘సీలింగులో పోయింది’ అనేవారు. ‘గరిష్ఠ వేతన పరిమితి’ అని రాస్తే ఒక్కో ఆటగాడికి ఇంతకంటే ఇవ్వకూడదని అర్థమవుతుంది. అది తప్పు. పరిమితి మనిషికి కాదు, జట్టు మొత్తానికి. భూమి విషయంలో కూడా సీలింగును లెక్కగట్టింది కుటుంబానికే కదా. ‘జీతాల సీలింగు’ అంటే మా తరానికి చప్పున తెలుస్తుంది. 1994లో ఈ పద్ధతి మొదలైనప్పుడు జట్టుకు 3.46 కోట్ల డాలర్లు. 2025లో 27.92 కోట్లు. సీజన్లో 53 మంది ప్రధాన ఆటగాళ్ళతో పాటు పాత పద్దులన్నీ అందులోనే ఇమడాలి.

సీలింగు అన్నాక దాని వెనకాలే ఇంకో మాట వస్తుంది చూడండి: బినామీ. చట్టానికి దొరక్కుండా పాలేరు పేరనా బావమరిది పేరనా భూమి రాయించినవాళ్ళు మనకు తెలుసు. ఎన్‌ఎఫ్‌ఎల్ ఒప్పందాల్లో ‘వాయిడ్ ఇయర్స్’ అని ఉంటాయి. కాగితం మీద ఆ ఏళ్ళున్నాయి, ఆటగాడు మాత్రం వాటిలో ఆడడని ఇరువైపులకూ ముందే తెలుసు. బోనస్ పద్దును మోయడానికి ఒక పేరు కావాలి, ఆ ఏళ్ళు పేరు అరువిస్తాయి. ‘చెల్లని సంవత్సరాలు’ అని అనువదించినదాన్ని ఎక్కడో చూశాను. చెల్లకపోవడమేమిటి, మహా చక్కగా చెల్లుతున్నాయి! ‘బినామీ ఏళ్ళు’ అనండి. టామ్ బ్రేడీ 2023 ఫిబ్రవరిలో ఆట మానేశాడు. ఆ ఏడాది టాంపా బే జట్టు సీలింగులో అతని పేరున సుమారు 3.5 కోట్ల డాలర్లు కూర్చుంది. అవి బినామీ ఏళ్ళు మోస్తున్న పద్దులే.

ఒక తేడా మాత్రం చెప్పాలి. భూమి బినామీ నేరం. ఇది లీగు ఒప్పుకున్న పద్ధతి, చాలా జట్లు చేస్తాయి.

వరంగల్ నుంచి:

‘బినామీ ఏళ్ళు’ బాగుంది, నా పర్సు నేను వెనక్కి తీసుకుంటున్నాను. నాదొక సందేహం. ‘పొడిగింపు’ అంటే నాకు దరఖాస్తు గడువో, అధికారి పదవీకాలమో గుర్తొస్తుంది. షరతులు అవే, కాలం పెరుగుతుంది. విల్సన్‌కు జరిగింది అది కాదు కదా?

విజయవాడ నుంచి:

కాదు మాస్టారూ. అసలు తికమక అంతా ఆ మాటలోనే ఉంది. ప్రామిసరీ నోటుకు మూడేళ్ళలో కాలదోషం పడుతుందని, గడువు దగ్గర పడగానే ‘నోటు తిరగరాయించుకోవడం’ మనకు అలవాటే. పాత బాకీకి కొత్త తేదీ, కొత్త అంకె, కొత్త సంతకం. ఎన్‌ఎఫ్‌ఎల్ పొడిగింపులో పొడిగింపు కంటే ఈ తిరగరాతే ఎక్కువ. ఉదాహరణకు ఒకడి ఈ ఏటి జీతం 2 కోట్ల 15 లక్షల డాలర్లు అనుకోండి. 15 లక్షలు జీతంగా ఉంచి మిగతా 2 కోట్లు బోనస్‌గా మార్చి చేతిలో పెడతారు. ఒప్పందంలో ఐదేళ్ళు ఉండేటట్టు చూస్తారు. ఈ ఏడు పద్దులో పడేది 15 లక్షలు, ఒక వంతు 40 లక్షలు, వెరసి 55 లక్షలు. కోటీ 60 లక్షల చోటు ఖాళీ అయింది, ఆటగాడికి ఒక్క డాలరు తగ్గలేదు. ఆ ఖాళీతో ఇంకొకణ్ణి తెచ్చుకుంటారు. వచ్చే ఏడు మళ్ళీ తిరగరాత.

ఇదంతా అప్పు చేసి పప్పుకూడు అనిపిస్తుంది గానీ, సీలింగు ఏటా పెరుగుతుందన్న ధైర్యం వాళ్ళది. 2020లో 19.82 కోట్లు ఉన్నది, కరోనాకు స్టేడియాలు ఖాళీ అయ్యాక 2021లో 18.25 కోట్లకు దిగింది. పద్దులు ముందుకు తోసినవాళ్ళకు ఆ ఏడు ఊపిరాడలేదు. ప్యాట్రిక్ మహోమ్స్ అనే ఆటగాడికి కాన్సస్ సిటీ జట్టు పదేళ్ళ పొడిగింపు ఇచ్చింది కూడా 2020 జూలైలోనే. పాత ఒప్పందంలో మిగిలిన రెండేళ్ళతో కలిపి 2031 దాకా. అన్నేళ్ళుంటే తిరగరాయడానికి కావలసినంత కాగితం.

కాబట్టి నా మాట: కాలం పెంచితే పొడిగింపు, పద్దు మారిస్తే తిరగరాత. వార్త రాసేవాళ్ళు ఏది జరిగిందో చూసి రాయాలి. ‘డెడ్ మనీ’కి మాత్రం ‘పాత పద్దు’ దగ్గరే ఆగిపోయాను. అందులో మనిషి లేడన్న సంగతి రావడం లేదు.

ఫ్రిస్కో (టెక్సస్) నుంచి:

అందరికీ ధన్యవాదాలు. రాత్రి ఇవన్నీ నాన్నగారికి చదివి వినిపించాను. సీలింగు దగ్గర నవ్వారు, బినామీ దగ్గర ఇంకా గట్టిగా నవ్వారు, ఎందుకో చెప్పలేదు. రొక్కం, పద్దు అన్న దగ్గర “విజయవాడ ఆయన పని తెలిసినవాడు” అన్నారు. తర్వాత మా వాడి నోటుపుస్తకం తీసుకుని, 3.2 కోట్లు అన్న అంకె ఎదురుగా తమ పాత దస్తూరీతో ‘పోయినవాడి పద్దు’ అని రాశారు. సంఘంలో సభ్యుడు చనిపోయినా, ఊరు విడిచి వెళ్ళినా తాము ఆ మాటే అనేవాళ్ళట. పోయినవాడంటే రెండర్థాలూ వస్తాయి కదా అన్నారు.

మా వాడికి నచ్చలేదు. “విల్సన్ పోలేదు తాతయ్యా, పిట్స్‌బర్గ్‌కు ఆడాడు” అని వాదిస్తున్నాడు.

“డెన్వర్ లెక్కలో పోయాడుగా” అని నాన్న లేచి చేయి కడుక్కోవడానికి వెళ్ళారు.