తీర గ్రామంలో ఎన్‌ఎస్‌ఎస్ శిబిరం: పంచాయతీకీ, తుపానుకీ పనికొచ్చేలా ఎలా నడపాలి?

ఉప్పుటేరు

మా కాలేజీ ఎన్‌ఎస్‌ఎస్ యూనిట్‌కి ఈ ఏడు ప్రత్యేక శిబిరం సముద్రానికి నాలుగు కిలోమీటర్ల లోపున్న ఊళ్లో. ఏడు రోజులు, యాభై మంది వలంటీర్లు. ర్యాలీ తీసి, రోడ్లు ఊడ్చి, ఆఖరి రోజు సభ పెట్టి వచ్చేయడం ఇష్టం లేదు. పంచాయతీ పాలనకి, తుపాను సన్నద్ధతకి ఉపయోగపడే శిక్షణ ఇవ్వాలంటే ఏ నెలలో పెట్టాలి, ఏమేం నేర్పాలి, ఎక్కడ తేడా కొడుతుంది? తెలిసినవాళ్లు వివరంగా రాయండి.

పంచాయతీ పద్దు

ముందు నెల సంగతి తేల్చుకోండి, సగం పని అక్కడే ఉంది. పరీక్షల వీలు చూసుకుని చాలా శిబిరాలు జనవరి తర్వాత పడతాయి. జీపీడీపీ, అంటే పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక తయారీ మామూలుగా అక్టోబరు 2న మొదలై జనవరి ఆఖరుకి ముగుస్తుంది. ఫిబ్రవరిలో మీరు ఎంత గొప్ప నివేదిక ఇచ్చినా వచ్చే ఏడాది పనుల పట్టిక అప్పటికే పంచాయతీల పద్దుల పోర్టల్ ఈ-గ్రామ్‌స్వరాజ్‌లో ఎక్కిపోయి ఉంటుంది. దసరా సెలవుల్లో పెట్టగలిగితే మీ లెక్కలు నేరుగా గ్రామసభకి వెళ్తాయి. హుద్‌హుద్ 2014లో, తిత్లీ 2018లో, మొంథా 2025లో, మూడు తుపాన్లూ అక్టోబరులోనే తీరం దాటాయి. అందుకని తుపాను భాగాన్ని శిబిరం మొదటి రెండు రోజుల్లోనే ముగించండి, ఆఖరికి నెట్టొద్దు.

మత్స్యకారులకి మాత్రం విడిగా పెట్టాలి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. వాళ్లందరూ ఊళ్లో దొరికేది అప్పుడే. ఏడాదికి 120 గంటల సాధారణ కార్యక్రమాలు ఉంటాయి కదా, అందులోంచి మే నెలలో రెండు రోజులు వాళ్లకి కేటాయించండి.

పంచాయతీ పాలన మీద ఉపన్యాసం వద్దు. ఈ-గ్రామ్‌స్వరాజ్‌లో ఆ పంచాయతీ నిరుటి ప్రణాళిక, ఖర్చు ఎవరికైనా కనిపిస్తాయి. రెండూ ప్రింటు తీయండి. వార్డుకి ఐదుగురు చొప్పున వలంటీర్లు, వార్డు సభ్యురాలు లేదా సభ్యుడు, ఒక డ్వాక్రా మహిళ కలిసి ఆ కాగితం పట్టుకుని నడవాలి. పని పేరు, మంజూరు, ఖర్చు, చోటు మీద ఉందా లేదా, ఈ నాలుగు గడులు చాలు. కాలవ పూడిక తీసినట్టు రాసి ఉంటే పార దింపి లోతు కొలవండి. తప్పు పట్టడానికి వచ్చామన్న అభిప్రాయం మాత్రం రానివ్వొద్దు. సర్పంచి గారికీ, కార్యదర్శి గారికీ ముందే చెప్పి, మొదటి ప్రతి వాళ్ల చేతికే ఇవ్వండి. సర్పంచి మహిళ అయితే మాట్లాడేది ఆవిడే అయ్యేలా చూడండి. ఆవిడ భర్తతో మాట్లాడి వచ్చేస్తే శిక్షణ ఇవ్వాల్సిన మనిషిని వదిలేసినట్టే.

ఎవరైనా 'ఇది రెవెన్యూ వాళ్ల పని' అంటే, విపత్తు నిర్వహణ చట్టం 2005లో 41వ సెక్షను చూపించండి. సిబ్బందికి శిక్షణ ఇప్పించడం, సామగ్రిని వాడుకకి సిద్ధంగా ఉంచడం స్థానిక సంస్థ బాధ్యత అని అందులో ఉంది.

గాలివాటం

పటం గురించి చెప్తాను. చార్టు మీద కాదు, రామాలయం ముందో బడి ఆవరణలోనో నేల మీద ముగ్గుపిండితో వేయించండి. చార్టు పరిస్తే పెన్ను పట్టుకున్న ఒక్కరే గీస్తారు, మిగతావాళ్లు చూస్తూ ఉంటారు. నేల మీదైతే నలుగురూ వంగి సరిచేస్తారు. రోడ్లు, మురుగుకాలవలు, కల్వర్టులు, చేతిపంపులు, ట్రాన్స్‌ఫార్మర్లు ముందు. తర్వాత పసుపుతో 'మొన్న ఎక్కడిదాకా నీళ్లొచ్చాయి' గీత. 1977 దివిసీమ ఉప్పెన, 1996 కోనసీమ తుపాను చూసిన పెద్దవాళ్లు ఉంటే వాళ్లని తప్పక పిలవండి, నీరు ఏ పక్క నుంచి ఎక్కిందో వాళ్లకే తెలుసు. మిద్దె మీద నుంచి ఫొటో తీసి, కాగితం మీదకి ఎక్కించి, మూడు ప్రతులు చేయండి. సచివాలయంలో ఒకటి, తుపాను షెల్టర్‌లో ఒకటి, బడిలో ఒకటి.

జాబితా పటం కన్నా ముఖ్యం. ముందే తరలించాల్సినవాళ్లు: ఏడో నెల దాటిన గర్భిణులు, డయాలసిస్ రోగులు, నడవలేనివాళ్లు, ఒంటరి వృద్ధులు, తాటాకు లేదా రేకు ఇంట్లో ఉండేవాళ్లు. ఒక్కొక్కరి ఎదుట ఎవరు తీసుకెళ్తారు, ఏ బండిలో అనేది రాయాలి. చాలా ఊళ్ల జాబితాల్లో లేనిది వలస జనం: ఇటుక బట్టీలవాళ్లు, ఉప్పుమడుల కూలీలు, బాతులు మేపేవాళ్లు, రొయ్యల చెరువుల కాపలాదారులు. వాళ్లకి ఆ ఊళ్లో రేషన్ కార్డు ఉండదు కాబట్టి ఇంటింటి సర్వేలో దొరకరు. చెరువు గట్ల మీదకి వెళ్లి లెక్క తీయాలి. ఏఎన్ఎం, ఆశా కార్యకర్త నెలకోసారి సరిచేయకపోతే మూడు నెలల్లో జాబితా పాతబడిపోతుంది.

వాతావరణ శాఖ తుపాను అలర్ట్ తీరంలో వాతావరణం చెడడానికి 48 గంటల ముందు, వార్నింగ్ 24 గంటల ముందు మొదలవుతాయి. పనులు దానికి ముడిపెట్టండి. అలర్ట్ రాగానే ఓవర్‌హెడ్ ట్యాంకు నింపడం, జనరేటర్ నడిపి చూడటం, పడవలు ఒడ్డుకి లాగడం. వార్నింగ్ రాగానే జాబితాలోని వాళ్ల తరలింపు. గాలి మొదలయ్యాక తరలిద్దామంటే ఆటో కూడా కదలదు.

దండోరా, గుడి మైకు, ఆటో మైకు, ఈ మూడూ ఈదురుగాలిలో వినపడవు. కరెంటు పోతే గుడి మైకు ఉండనే ఉండదు. చేత్తో తిప్పే సైరన్ ఒకటి, బ్యాటరీ మెగాఫోన్లు రెండు కావాలి. మాక్ డ్రిల్‌లో సైరన్ మోగించి, ఊరి నాలుగు కొసల్లో వలంటీర్లని నిలబెట్టి వినిపించిందో లేదో రాయించండి.

ఇంకోటి ప్రతి ఇంటికీ చెప్పాలి. తుపాను కన్ను ఊరి మీదుగా వెళ్తే గాలి ఒక్కసారిగా ఆగుతుంది. అయిపోయిందనుకుని జనం బయటికి వస్తారు. కాసేపటికి ఎదురు దిక్కు నుంచి అంతే జోరుగా మళ్లీ కొడుతుంది. అధికారులు చెప్పేదాకా షెల్టర్ దాటొద్దు.

ఉప్పుటేరు

చాలా ఉపయోగం. మా ఊళ్లో ఐదు తాగునీటి బావులున్నాయి. వరద తర్వాత బ్లీచింగ్ ఎంత వేయాలో నేర్పమని అడుగుతున్నారు. 'వెయ్యి లీటర్లకి రెండున్నర గ్రాములు' అని పోస్టర్‌లో ఉంది. అది సరిపోతుందా?

గిలక బావి

వరద నీళ్లు దిగిన బావికి సరిపోదు. రెండున్నర గ్రాముల లెక్క మామూలు రోజుల్లో శుభ్రంగా ఉన్న నీటికి, అదీ తాజా బ్లీచింగ్ అయితే. బురద, ఆకులు పడిన నీళ్లు క్లోరిన్‌ని మింగేస్తాయి. ఎంత కావాలో హారక్స్ పరీక్షే చెప్పాలి. ఆ పెట్టె పీహెచ్‌సీలో అడగండి. అందులో ఆరు తెల్ల కప్పులు, లోపల గీత ఉన్న ఒక నల్ల కప్పు, 2 గ్రాముల చెంచాలు, డ్రాపరు, స్టార్చ్ అయోడైడ్ సీసా, కలిపే పుల్లలు ఉంటాయి.

చెంచా నిండా బ్లీచింగ్ తీసుకుని అంచు మీద చదును చేసి నల్ల కప్పులో వేయండి. కొద్ది నీళ్లతో ముద్దలా చేసి, గీత దాకా నీళ్లు పోసి కలిపి తేరనివ్వండి. తెల్ల కప్పులు ఆరింటిలో బావి నీళ్లు, అంచుకి ఒక సెంటీమీటరు కిందిదాకా. తేటని మొదటి కప్పులో ఒక చుక్క, రెండోదానిలో రెండు, అలా ఆరోదానిలో ఆరు. ఒక్కోదాన్ని వేరే పుల్లతో కలపాలి, ఒకే పుల్ల తిప్పితే ఫలితం పాడవుతుంది. అరగంట ఆగి, ఒక్కోదానిలో మూడు చుక్కలు స్టార్చ్ అయోడైడ్ వేయండి. మొదట స్పష్టంగా నీలం తిరిగిన కప్పు ఎన్నోదో అన్ని చెంచాలు, 455 లీటర్లకి. మూడో కప్పయితే 6 గ్రాములు. ఒక్కటీ నీలం కాలేదంటే బ్లీచింగ్ చచ్చిపోయిందన్నా అనుకోవాలి, నీళ్లు మరీ చెడిపోయాయన్నా అనుకోవాలి. కొత్త సంచితో మళ్లీ చూడండి.

బావి నీళ్ల లెక్క: వ్యాసం మీటర్లలో తీసుకుని దాన్ని దానితోనే గుణించి, నీటి లోతుతో, ఆపైన 785తో గుణిస్తే లీటర్లు. వ్యాసం 2, నీళ్లు 3 మీటర్లయితే సుమారు 9,420 లీటర్లు. మూడో కప్పు నీలమైతే 124 గ్రాములు కావాలి. పోస్టర్ లెక్కన వేస్తే 24 గ్రాములతో ఆగిపోతారు. తేడా అయిదింతలు.

వేసే పద్ధతి కూడా ముఖ్యం. పొడిని నేరుగా బావిలో విసిరితే సున్నం అడుక్కి చేరుతుంది. బకెట్‌కి 100 గ్రాములు మించకుండా ముద్ద చేసి, ముప్పావు వంతు నీళ్లు కలిపి, పది నిమిషాలు తేరనిచ్చి, పై తేటని ఇంకో బకెట్‌లోకి వంచుకుని, దాన్ని తాడుతో నీళ్ల కిందికి దింపి పైకీ కిందికీ ఆడించాలి. కింది మడ్డి పారబోయండి. సాయంత్రం వేస్తే రాత్రంతా కదలకుండా ఉంటుంది, కనీసం గంటైనా ఆగాలి. తర్వాత నీటిలో క్లోరిన్ ఎంతుందో చూపే క్లోరోస్కోపులో చూస్తే లీటరుకి అర మిల్లీగ్రాము క్లోరిన్ మిగిలి ఉండాలి. పసుపు రంగు రాకపోతే మళ్లీ వేయాల్సిందే.

తుపాను షెల్టర్

షెల్టర్‌ని డ్రిల్ రోజున టేపుతో కొలవండి. పునరావాస కేంద్రంలో మనిషికి 3.5 చదరపు మీటర్లు, రోజుకి 3 లీటర్ల తాగునీరు, 30 మందికి ఒక మరుగుదొడ్డి అని జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ కనీస ప్రమాణాలు. 600 మందికి 1,800 లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు 90. మరుగుదొడ్లు 20. నాలుగే ఉంటే అవి 120 మందికే. రోజుల తరబడి ఉండటానికి ఈ లెక్క, ఒక్క రాత్రి గడపడానికి ఎక్కువ మంది పడతారు. రెండు సంఖ్యలూ వేర్వేరుగా గోడ మీద రాయించండి.

తాళం ఒక్కరి దగ్గరే ఉండటం అన్నిటికన్నా పెద్ద జబ్బు. మూడు తాళంచెవులు, ముగ్గురి పేర్లు, తలుపు మీద ఫోన్ నంబర్లు. జనరేటర్‌ని నెలకోసారి లైట్లు, మోటారు వేసి అరగంట నడపాలి. ఖాళీగా తిప్పి ఆపేస్తే అసలు లోడు పడ్డప్పుడు ఆగిపోతుంది. 5 హెచ్‌పీ త్రీఫేజు మోటారు నడిచేటప్పుడు 4 కిలోవాట్లే లాగినా, స్టార్టింగ్‌లో అంతకి చాలా రెట్లు లాగుతుంది. 5 కేవీఏ జనరేటర్ దాన్ని ఎత్తలేదు, 15 కేవీఏ చూడండి.

భద్రాద్రి గట్టు

గోదావరి ఒడ్డు ఊళ్లకి కూడా ఇదే పద్ధతి, కానీ అక్కడ గాలి కాదు, గేజీ, అంటే నది నీటిమట్టం చూడాలి. భద్రాచలం దగ్గర 43, 48, 53 అడుగులకి ఒకటి, రెండు, మూడు ప్రమాద హెచ్చరికలు. ధవళేశ్వరం దగ్గర 11.75, 13.75, 17.75 అడుగులు. ఈ అంకెలు టీవీలో అందరూ వింటారు, తమ వీధికి అర్థం ఏమిటో తెలియదు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర 71.3 అడుగులు వచ్చినప్పుడు ఎక్కడిదాకా తడిసిందో కరెంటు స్తంభాల మీద, బడి గోడ మీద రంగుతో గీయించండి. 'గేజీ ఇంతకి చేరితే ఈ వీధి ఖాళీ' అని పక్కనే రాయాలి. తెలంగాణలో రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలని 2018 చట్టంలోనే ఉంది కనుక ఈ గీతల్ని అక్కడే ఆమోదింపజేసుకోవచ్చు.

పంచాయతీ పద్దు

నిధుల మాట ఒకటి మిగిలింది. పైన అందరూ చెప్పినవి గ్రామసభ తీర్మానంలో పనుల పేర్లుగా మారకపోతే శిబిరంతోనే పోతాయి. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం పద్ధతిలో నిధుల్లో 60 శాతం టైడ్, అంటే చెప్పిన పనికే వాడాల్సినవిగా ఉండేవి: సగం తాగునీటికి, సగం పారిశుద్ధ్యానికి. చేతిపంపు దిమ్మ ఎత్తు పెంచడం, క్లోరిన్ పరీక్ష సామగ్రి, మురుగుకాలవ బాగు ఇందులోకి వస్తాయి. సైరన్, షెల్టర్ మరమ్మతు మిగతా నిధిలో, అంటే అన్‌టైడ్‌లో అడగాలి, జీతాలకి మాత్రం ఆ డబ్బు వాడకూడదు. కొత్త కాలానికి మార్గదర్శకాలు కార్యదర్శి గారి దగ్గర సరిచూసుకోండి. 'విపత్తు సన్నద్ధత పనులు' అని గంపగుత్తగా రాస్తే అంచనా వేయలేరు. 'ఫలానా వార్డు చేతిపంపు దిమ్మ రెండు అడుగులు ఎత్తు చేయడం' అని చోటుతో సహా రాసి, ఇంజనీరింగ్ అసిస్టెంట్‌తో కొలత వేయించి పెట్టండి.

పంట నష్టం గురించి కూడా ఒక గంట పెట్టండి. 33 శాతం, ఆపైన దెబ్బతింటేనే ప్రభుత్వ పంట నష్ట సాయం, అంటే ఇన్‌పుట్ సబ్సిడీ. ఈ-క్రాప్‌లో పంట నమోదు లేని కౌలు రైతు పేరు అక్కడే జారిపోతుంది. అందుకే నమోదు సరిచూడటం తుపాను ముందు పని. నీళ్లు దిగకముందే గట్టు, సర్వే రాయి కనపడేలా తేదీ, చోటు పడే కెమెరా యాప్‌తో ఫొటో తీయడం అందరిచేతా ఒకసారి చేయించండి.

ఉప్పుటేరు

ధన్యవాదాలండీ. దసరా సెలవులకి మార్చమని ప్రిన్సిపాల్ గారికి రేపే లేఖ పెడుతున్నాం. హారక్స్ పెట్టె పీహెచ్‌సీలో ఉందట, స్టార్చ్ అయోడైడ్ సీసా మాత్రం ఎండిపోయింది. అది విడిగా దొరుకుతుందా?

గిలక బావి

ల్యాబ్ కెమికల్స్ అమ్మే షాపుల్లో దొరుకుతుంది, లేదా మీ కెమిస్ట్రీ ల్యాబ్‌లోనే చేయించండి. గంజి నీళ్లలో పొటాషియం అయోడైడ్ కలపడమే. నిల్వ ఉంటే పాడవుతుంది, శిబిరానికి ముందు రోజే తాజాగా చేసి ముదురు రంగు సీసాలో పోయించండి.