శనక్కాయ పీకే బ్లేడు: నేరుగా చేసి చూడాలా, ముందు సిమ్యులేషనా?
మాది అనంతపురం దగ్గర చిన్న వెల్డింగ్ షాపు. ట్రాక్టరుకు తగిలించే శనక్కాయ పీకే బ్లేడు కొత్త కోణంలో చేయాలనుకుంటున్నాం. ముందు కంప్యూటర్లో చూస్తే ఇనుము దండగ కాదంటాడు ఇంజనీరింగ్ చదివిన మా తమ్ముడు. ఫ్రేము ఎక్కడ వంగుతుందో ఫ్రీక్యాడ్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో చూపించాడు, సరే, నమ్మినా. నా అనుమానమంతా మట్టి మీదే. మా ఎర్రనేల వాన పడితే ఒక తీరు, ఎండితే బండ. గట్టి నేలలో బ్లేడు పైకి తేలి, కాయను చెట్టుకు పట్టి ఉంచే ఊడలు తెగి కాయలు భూమిలోనే ఉండిపోతాయి. మట్టిని కణాలుగా లెక్కగట్టే డీఈఎం పద్ధతి ఉంది గానీ, దానికి మన మట్టి రాపిడి, జిగట ముందే కొలిచి ఇవ్వాల కదా? అవి కొలిచేదెట్లా? పీకుడు దాటితే మళ్లీ ఏడాది ఆగాల. కోణం మార్చుకునేలా బోల్టులతో ఒకే నమూనా చేసి చేలో దింపేదా? ఇట్లాంటి పనిముట్లు చేసినోళ్లుంటే చెప్పండన్నా.