నాలుగు రెక్కల మీదా గాజు మచ్చలున్న పెద్ద చిమ్మట: ఇది ఏ జాతి?

ప్రశ్న:
రాత్రి లైటు దగ్గరికి వచ్చిన పెద్ద చిమ్మట తెల్లారినా గోడ మీదే కదలకుండా ఉంది. చాచిన రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకు సుమారు 15 సెం.మీ. ఉన్నాయి. పసుపు కలిసిన గోధుమరంగు. నాలుగు రెక్కల మీదా ఒక్కో గుండ్రటి మచ్చ, దాని నడుమ గాజులా పారదర్శకం, చుట్టూ రంగు వలయాలు. తోకలు లేవు. ఫొటోతో వెతికితే ఒకచోట అట్లాస్ మాత్ అనీ, మరోచోట ఔల్ మాత్ అనీ వచ్చింది. రెండింట్లో ఏది? తిండి ఏమైనా పెట్టాలా?

జవాబు 1:
రెండూ కాదండీ. అట్లాస్‌కు గాజు మచ్చలు త్రికోణంగా ఉంటాయి, వాటి చుట్టూ ఇలా కంటిలాంటి వలయాలు ఉండవు. ముందు రెక్క కొస పాము తలలా వంగి ఉంటుంది. రెక్కల వెడల్పు 24 సెం.మీ. దాకా వెళ్తుంది. ఔల్ మాత్‌కు పెద్ద కంటి మచ్చ ముందు రెక్కల మీదే ఉంటుంది, దాంట్లోంచి అవతలి వైపు కనిపించదు, మీసాలు సన్నటి దారాల్లా ఉంటాయి. ఆముదపు పట్టు చిమ్మటకైతే మచ్చలు నెలవంక ఆకారంలో ఉంటాయి. నాలుగు రెక్కల మీదా వలయాల నడుమ గుండ్రటి గాజు మచ్చ ఉందంటే అది ఆంథీరియా ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు), అంటే దసలి (టసర్) పట్టు పురుగుల బంధువర్గం.

రంగును మాత్రం నమ్మకండి. ఒకే జాతిలో మగది ఇటుక రంగులో, ఆడది పసుపుగానో బూడిద రంగులోనో ఉండొచ్చు. పైగా పొలుసులు రాలిన పాత రెక్కలు వెలిసిపోయినట్టు కనిపిస్తాయి. ఫొటో పోల్చేవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

జవాబు 2:
పై జవాబు సరైనదే. అయితే ఒక్క ఫొటోతో ప్రజాతి దాకానే ధైర్యంగా చెప్పగలం. జాతి తేల్చాలంటే ఇవి కావాలి: తిన్నగా పైనుంచి ఒక ఫొటో, పక్కన స్కేలు ఉండాలి, మీసాలకు దగ్గరి ఫొటో, వీలైతే రెక్కల అడుగు భాగం, ఏ ప్రాంతం, ఏ నెల, చుట్టుపక్కల ఏ చెట్లు. ఫ్లాష్ వేస్తే గాజు మచ్చ తెల్లగా మెరిసి అచ్చం మామూలు మచ్చలా పడుతుంది, అందుకని పక్క నుంచి వెలుతురు రానివ్వండి. రెక్క పట్టుకుని తిప్పొద్దు. పొలుసులు ఊడితే మళ్లీ రావు, వాటితో గుర్తులూ పోతాయి.

తిండి సంగతి: ఏమీ పెట్టకండి. ఈ పట్టు చిమ్మటల కుటుంబంలో (సాటర్నిడే) పెద్దయిన చిమ్మటలకు పనిచేసే నోరు ఉండదు. పురుగు దశలో దాచుకున్న కొవ్వుతోనే వారం పది రోజులు బతుకుతాయి. చక్కెర నీళ్లు పెడితే కాళ్లూ రెక్కలూ అంటుకోవడం తప్ప ఉపయోగం లేదు.

ప్రశ్న అడిగినవారు:
మీసాలు ఈకల్లానే ఉన్నాయి గానీ సన్నగా ఉన్నాయి. పొట్ట లావుగా ఉంది. దగ్గర్లో మద్ది చెట్లున్నాయి. గోడ మీద నాలుగైదు గుడ్లు కూడా కనిపిస్తున్నాయి, గోధుమరంగులో, కాస్త బల్లపరుపుగా.

జవాబు 1:
అయితే ఆడదే. మగదానికి మీసాలు వెడల్పాటి దువ్వెనల్లా ఉంటాయి, ఆడదాని వాసన పట్టేది వాటితోనే. మద్ది ఆకు దసలి పురుగులకు ఇష్టమైన మేత, కాబట్టి ఆంథీరియా మైలిట్టా అయ్యే అవకాశమే ఎక్కువ. గుడ్డు నడుం చుట్టూ రెండు గోధుమరంగు గీతలు సమాంతరంగా ఉన్నాయేమో భూతద్దంతో చూడండి. దసలి గుడ్డుకు అవి ఉంటాయి.

మగదానితో కలవకపోయినా ఆడది గుడ్లు పెట్టేస్తుంది, వాటి నుంచి పిల్లలు రావు. కలిసి ఉంటే 10 రోజులు అటూఇటూగా పిల్లలు వస్తాయి. గోడ మీద వాటికి మేత దొరకదు కాబట్టి, గుడ్లను గీకకుండా, అవి అంటుకున్న చోటును తడి గుడ్డతో కాస్త మెత్తబరిచి, కాగితం ముక్క మీదికి జరిపి మద్ది కొమ్మకు కట్టండి. చీమలు ఎక్కని కొమ్మ చూసుకోండి. రాత్రికి ఆ లైటు ఆర్పేస్తే తల్లి తనంతట తనే వెళ్లిపోతుంది.