హియర్, లిజన్ రెండూ "వినటమే" అయితే పిల్లలకి తేడా ఎలా చెప్పాలి?

పర్లాకిమిడి ట్యూషన్ టీచర్:
నమస్కారమండీ. పర్లాకిమిడిలో సాయంత్రం పూట తొమ్మిది, పది తరగతుల పిల్లలకి ఇంగ్లీషు ట్యూషన్ చెప్తాను. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, వీధిలో రెండూ కలిపి మాట్లాడే పిల్లలు. గ్రామర్ బాగానే పట్టుకుంటున్నారు గానీ దగ్గర దగ్గర అర్థాలున్న మాటల దగ్గరికొచ్చేసరికి తికమక పడిపోతున్నారు. హియర్ అంటే వినుట, లిజన్ అంటే వినుట అని నిఘంటువులో రెండింటికీ ఒకటే రాసి ఉంటే పాపం వాళ్లు మాత్రం ఏం చేస్తారు? "ఐ యామ్ హియరింగ్ సాంగ్స్" అని రాస్తున్నారు. సీ, లుక్, వాచ్ మూడూ చూడటమే అనుకుంటారు. బారో, లెండ్ అయితే ఇచ్చినవాళ్లెవరో పుచ్చుకున్నవాళ్లెవరో తిరగబడిపోతోంది, "కెన్ యూ బారో మీ యువర్ పెన్" అని అడుగుతారు. బట్టీ పట్టిస్తే పరీక్ష దాకా గుర్తుంటుంది, నోటికి మాత్రం రాదు. పరీక్షలు దగ్గర పడుతున్నాయి, వాళ్లకీ నాకూ టెన్షన్‌గానే ఉంది. మీరెవరైనా చెప్పే పద్ధతి ఉంటే కాస్త వివరంగా రాయండి.

బరంపురం మాస్టారు:
అమ్మా, ముందు నిఘంటువు పక్కన పెట్టండి. ఈ తేడా మన తెలుగులోనే ఉంది, పిల్లలు రోజూ వాడుతూనే ఉన్నారు. ఫోన్‌లో సిగ్నల్ సరిగ్గా లేకపోతే "వినపడట్లేదు" అంటారు గానీ "వినట్లేదు" అనరు కదా. అదే, చెప్పిన పని చెయ్యని పిల్లాడి గురించి వాళ్లమ్మ "మాట వినట్లేదు" అంటుంది. మొదటిది హియర్, రెండోది లిజన్. ఒడియాలో కూడా ఇంతే: "మతే శుభునాహి" అంటే నాకు వినపడట్లేదని, "కథా శుణునాహి" అంటే మాట వినట్లేదని. రెండు భాషల్లోనూ తేడా ఉన్నప్పుడు పిల్లలకి మనం కొత్తగా చెప్పేది చాలా తక్కువ, వాళ్లకి తెలిసినదాన్నే వేలు పెట్టి చూపించాలంతే.

"హియరింగ్ సాంగ్స్" ఎందుకు తప్పో కూడా ఇక్కడే తేలిపోతుంది. వినపడటం మనం చేసే పని కాదు, చెవికి దానంతటదే అందుతుంది, అందుకని మామూలుగా దానికి ఇంగ్ తగిలించరు, "ఐ కెన్ హియర్ యూ" అంటారు. వినటం మనం చెవి పెట్టి చేసే పని కాబట్టి "ఐ యామ్ లిజనింగ్ టు సాంగ్స్". ఆ టు దగ్గర మనవాళ్లు తప్పకుండా జారతారు, "పాటలు వింటున్నాను"లో దానికి సాటి వచ్చేది ఏదీ లేదు మరి.

సీ, లుక్ కూడా ఇదే దారి. సీ అంటే కనపడటం, లుక్ అంటే చూడటం. "అలమరలో చూశాను గానీ కనపడలేదు" అనే వాక్యం పిల్లల చేత ఇంగ్లీషులో చెప్పించండి: "ఐ లుక్డ్ ఇన్ ద కబోర్డ్ బట్ ఐ కుడ్ నాట్ సీ ఇట్". వాచ్ అంటే కదిలేదాన్నో మారేదాన్నో కాసేపు కనిపెట్టి ఉండటం, మ్యాచ్ చూడటం, పొయ్యి మీద పాలు పొంగకుండా చూడటం.

ఇంట్లో మాటలోంచే చదువు చెప్పటం మీ ఊరికి కొత్తేమీ కాదు. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ సవర నేర్చుకుని, సవర పిల్లలకి వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని పుస్తకాలు రాసి బళ్లు నడిపారు.

రాయగడ నుంచి ఒకరు:
మాస్టారు గారి మాట చాలావరకు ఒప్పుకుంటాను, కానీ అక్కడే ఆపేస్తే పిల్లలు ఇంకో చోట బోల్తా పడతారండీ. "నీకు ఉద్యోగం వచ్చిందని విన్నాను" అంటాం. తెలుగులో "విన్నాను" ఉంది కదా అని "ఐ లిజన్డ్" అని రాస్తే తప్పు, "ఐ హర్డ్" అనాలి, ఎందుకంటే కబురు చెవిన పడింది, అంతే. డాక్టరుకి చూపించుకోవటానికి కూడా "సీ ఎ డాక్టర్" అంటారు, అక్కడ మన కనపడటం పనికిరాదు. హాల్లో సినిమా చూస్తే సా అనొచ్చు, టీవీలో అయితే వాచ్డ్ బాగుంటుంది. ఇలాంటివి వాక్యంతో సహా అలవాటు చెయ్యాలి, వేరే దారి లేదు.

బారో, లెండ్ సంగతి వేరు. తెలుగులో అప్పు అనే మాట ఒక్కటే, వెనకొచ్చే క్రియని బట్టి దిక్కు మారుతుంది: అప్పు తీసుకో, అప్పు ఇయ్యి. ఒడియాలో కూడా ధార నెబా, ధార దెబా. ఇంగ్లీషులో ఆ తీసుకోవటం, ఇవ్వటం మాట లోపలే ఉన్నాయి, ఇంట్లోంచి తెచ్చుకునే సాయం ఇక్కడ లేదు, అందుకే మన పిల్లలకి ఇంత కష్టం. నేను ఇద్దర్ని లేపి ఒకరి పెన్ను ఇంకొకరికి ఇప్పిస్తాను. ఇచ్చినమ్మాయి "ఐ లెంట్ హిమ్ మై పెన్" అనాలి, పుచ్చుకున్నవాడు "ఐ బారోడ్ హర్ పెన్" అనాలి, తర్వాత పెన్ను వెనక్కిచ్చి మాటలు మార్చుకోవాలి. జరిగింది ఒకటే, ఎవరు చెప్తున్నారన్నదే తేడా అని అప్పుడు పట్టుకుంటారు. లెండ్ తర్వాత మనిషి నేరుగా రావచ్చు, "లెండ్ మీ యువర్ పెన్". బారో తర్వాత రాకూడదు, కావాలంటే వస్తువు చెప్పి, ఆ తర్వాత ఫ్రమ్ పెట్టి మనిషిని చెప్పాలి. మీ పిల్లలు "బారో మీ" అంటున్నారంటే లెండ్ వాక్యంలో బారో పెట్టేస్తున్నారన్నమాట.

పర్లాకిమిడి ట్యూషన్ టీచర్:
ఇద్దరికీ చాలా థాంక్స్ అండీ. శుభునాహి, శుణునాహి రెండూ బోర్డు మీద పక్కపక్కన రాయగానే వెనక బెంచీలో కూర్చునే గుంట "ఓహో, అయితే ఫోన్‌లో కెన్ యూ హియర్ మీ అనాలన్నమాట" అని తనే చెప్పేసింది. పెన్నుల పని రేపు చేయిస్తాను. సే, టెల్ కూడా ఇలాగే తేల్చి చెప్తారా? "హి సెడ్ మీ" అనే రాస్తున్నారందరూ.

బరంపురం మాస్టారు:
మనకి రెండూ "చెప్పటమే" కాబట్టి ఇక్కడ తెలుగు అక్కరకి రాదమ్మా. టెల్ పక్కన వినేమనిషి ఉండాలి, సే పక్కన చెప్పిన మాట ఉండాలి. "హి టోల్డ్ మీ", "హి సెడ్ ఇట్ వాజ్ లేట్". నాకు చెప్పాడు అనే వాక్యంలో "కు" ఉంది కదా అని "టోల్డ్ టు మీ" అని రాసేస్తారు, అది ఎక్కడ కనపడినా దిద్దండి. అబద్ధం చెప్పటానికీ నిజం చెప్పటానికీ మాత్రం వినేమనిషి లేకపోయినా టెల్ వాడాలి: "టెల్ ఎ లై", "టెల్ ద ట్రూత్". ఇవి ఉన్నవున్నట్టు నేర్పించెయ్యండి.